చిట్టా దిద్దువారెవరు?

పొలము కొనబోవువాడు ముందుగా అడంగలు చూచును. జలదంకి ప్రాంతపు మెట్టపల్లెలలో ఈ జాగ్రత్తను ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. కాని ఆ రైతే తన ఫోనునకు బ్యాంకు పేరిట వచ్చిన చిరునామాను నొక్కునపుడు, ఆ పేరు ఎవరి ద్వారా నమోదైనది, ఎన్నడు పుట్టినది యని విచారింపడు. విచారించు సాధనము కలదని యాతనికి తెలిపినవారును లేరు.

ఆ సాధనమునకు 'హూ ఈజ్' అని పేరు. దాని నియమములు 1982లోనే లిఖింపబడినవి. డొమైను పేరు నిచ్చినచో, నమోదు చేసిన సంస్థను, నమోదైన తేదీని, గడువును తెలుపును. నిన్న పుట్టిన పేరు తాను పాత బ్యాంకుననిన యెడల మోసము అక్కడనే బయటపడును. 2018లో ఐరోపాలో వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము అమలైన పిమ్మట యజమానుల పేర్లు పెక్కుచోట్ల మరుగుపడినవి. తేదీలు మాత్రము సాధారణముగా కనబడుచునే యున్నవి.

అయితే లోకములోని పేర్లన్నింటికిని ఒకే కచ్చేరి లేదు. '.కామ్'కు ఒక చిట్టా, '.ఇన్'కు వేరొక చిట్టా. ఏ పేరునకు ఏ కచ్చేరి నడుగవలెనో తెలుపు పట్టిక సాధనమునందే యుండును. డెబియన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భాండాగారములలో ఆ ప్యాకేజీని పోషించువాడు ఈ పట్టికను ఎప్పటికప్పుడు దిద్దుచుండవలెను. కచ్చేరి మారియు పట్టిక మారకున్నచో సాధనము మూసిన తలుపును తట్టుచుండును. మన '.ఇన్' సాంకేతిక నిర్వహణమే 2019లో అఫిలియాస్ నుండి న్యూస్టార్‌కు మారినది. తెలుగు లిపిలోని '.భారత్'కు సైతము ఎవరో యొకరు ఒక పంక్తి వ్రాసిననే గదా పట్టికలో చోటు! అంతేకాదు, 2025 జనవరి 28 నుండి సాధారణ డొమైనుల నిర్వాహకులకు హూ ఈజ్ సేవ తప్పనిసరి కాదని ఐకాన్ సడలించినది. దాని స్థానమున ఆర్‌డాప్ అను పద్ధతి వచ్చినది. దేశముల డొమైనులకు ఆ కట్టుబాటు వర్తింపదు. కావున రెండు దారులు నెరిగిన సాధనము నేడు కావలసియున్నది.

బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోగా '.బ్యాంక్.ఇన్' పేర్లకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ పేర్ల నమోదు హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగింపబడినది. ఇది మేలైన యేర్పాటే. కాని విత్తనములు పంపెదమని, ఉద్యోగము లిప్పించెదమని సొమ్ము గుంజు చిరునామాలకు ఆ కట్టడి లేదు. అచట పౌరుడు తానే విచారించుకొనవలెను.

పూర్వము మన చెరువుకట్టలను కుడిమరామత్తు పేరిట రైతులే బాగుచేసికొనుచుండిరి. కట్ట నిలిచియున్నంతకాలము ఆ పని నెవ్వరును తలపరు. తెగిననాడు అందరును నిందింతురు. ఈ పట్టిక పనియు నట్టిదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునందు ఇట్టి సేవ చేయువారు పెక్కురు జీతమాశింపక తమ తీరిక వేళలను వెచ్చించుచున్నారు. ఎచటనో యున్న ఒకరిద్దరి యోపికపై మన క్షేమము నాధారపరచి యూరకుండుట మనకు తగునా?

కావలి, ఆత్మకూరు, నెల్లూరు కళాశాలల యువకులారా! తప్పిన పంక్తి నొకదానిని కనిపెట్టి సరియైన వివరముతో పోషకునకు తెలిపినను అది సేవయే. గ్రంథాలయ నిర్వాహకులారా! వారమున కొక సాయంకాలము ఈ విచారణ నేర్పింపుడు. చిట్టా చూచు నేర్పు ఊరివారికిని, చిట్టా దిద్దు నేర్పు యువకులకును కలిగిననాడు మోసగాని పని కష్టమగును.