సర్దుకుపొమ్మన్నది శ్రీసభ కాదు

హైదరాబాద్ శివారు మీర్‌పేట్, జిల్లెలగూడ కాలనీల్లోని మన కతోలిక ఇళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది. భర్త కొడుతున్నాడని ఆడపిల్ల పుట్టింటికి వస్తే మర్నాడే పెద్దలు కూర్చుంటారు. "మనది జ్ఞానవివాహం తల్లీ, మనకు విడాకుల్లేవు. నీ సిలువ నువ్వే మోయాలి. సర్దుకుపో" అంటారు. బిడ్డ పుడితే అతనే మారతాడంటారు, ఫాదర్‌గారితో ఒక మాట చెప్పిద్దామంటారు. సాయంత్రానికి ఆమె బ్యాగు మళ్లీ ఆటో ఎక్కుతుంది.

ఆ పెద్దలు చెడ్డవాళ్లు కారు. శ్రీసభ బోధననే చెబుతున్నామని మనస్ఫూర్తిగా నమ్ముతారు. నేను కాదంటున్నది ఆ నమ్మకాన్నే. అది శ్రీసభ బోధన కాదు. ఊళ్ల నుంచి మనతోపాటు మూటగట్టుకొచ్చిన ఆచారం. దానికి దేవుడి పేరు పెట్టుకున్నాం.

1983 నాటి కానన్ చట్టం 1153వ సూత్రం ఏం చెబుతోందో చూడండి. జీవిత భాగస్వామి వల్ల తనకో పిల్లలకో శారీరకంగా గాని మానసికంగా గాని తీవ్రమైన అపాయం ఉంటే, విడిగా వెళ్లిపోవడానికి అది న్యాయమైన కారణం. మామూలుగా పీఠాధిపతి అనుమతి తీసుకోవాలి. ఆలస్యం చేస్తే ప్రమాదమనుకుంటే ఎవరి అనుమతీ అడగకుండానే వెళ్లవచ్చు. కారణం తొలగితే మళ్లీ కలిసి బతకమని కూడా అదే సూత్రం చెబుతుంది. అంటే ముందు హింస పోవాలి, తర్వాతే ఆమె తిరిగి రావాలి. మనం ముందు ఆమెను పంపించేసి, హింస ఎప్పటికో పోతుందని ఆశపడుతున్నాం. 2016లో పోపు ఫ్రాన్సిస్ తన 'అమోరిస్ లెతీసియా' ప్రబోధంలో ఇంకా సూటిగా చెప్పారు. హింస నుంచి బలహీన భాగస్వామినీ పసిపిల్లలనూ కాపాడాల్సి వచ్చినప్పుడు విడిపోవడం నైతికంగా అవసరం కూడా కావచ్చన్నారు.

"మరి దేవుడు కలిపిన జంటను విడదీయవచ్చా?" అని అడుగుతారు. యేసు ఆ మాట ఎవరితో అన్నారో గుర్తు చేసుకోవాలి. భార్యకు పరిత్యాగ పత్రిక రాసిచ్చి పంపేయడం న్యాయమేనా అని అడిగిన మగవాళ్లతో అన్నారు. భార్యను గడప బయటికి నెట్టే భర్త చేతిని పట్టుకుని ఆపిన మాట అది. అదే మాటతో మనం ఈనాడు ఆమె కాళ్లకు సంకెళ్లు వేస్తున్నాం. వివాహబంధం శాశ్వతమని నేనూ నమ్ముతాను, దాన్ని మార్చమని అడగడం లేదు. బంధం శాశ్వతమైతే దాన్ని నిలబెట్టే బాధ్యత కొట్టే చేతిది కూడా. ఆ భారమంతా దెబ్బలు తినే ఒంటి మీదే ఎందుకు వేస్తున్నాం?

పడకగది విషయంలో మన మౌనం ఇంకా పెద్ద తప్పు. 1968లో పోపు ఆరవ పాల్ వెలువరించిన 'హ్యుమానే వీటే' అనగానే మనకు గర్భనిరోధక మాత్రల నిషేధమే గుర్తొస్తుంది. అదే లేఖ 13వ పేరా మాత్రం మనకు ఎవరూ చెప్పరు. భాగస్వామి పరిస్థితినీ న్యాయమైన ఇష్టాన్నీ పట్టించుకోకుండా రుద్దిన సంగమం ప్రేమ కాదనీ, నైతిక ధర్మానికి విరుద్ధమనీ అందులో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని మన దేశ చట్టం ఈనాటికీ అత్యాచారంగా లెక్కించడం లేదు. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఆ మినహాయింపు అలాగే ఉంది. దేశ చట్టం ఇప్పటికీ చెప్పలేని మాటను శ్రీసభ 1968లోనే చెప్పింది. మాత్రల గురించి అంత గట్టిగా మాట్లాడే మనం ఈ మాటను గొంతు విప్పి చెప్పకపోవడం అన్యాయం.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇంకో మాట: "కోర్టుకెక్కితే దివ్యసత్ప్రసాదం ఇవ్వరు." ఇది అబద్ధం. హక్కులకూ పిల్లల సంరక్షణకూ ఆస్తి రక్షణకూ వేరే దారి లేనప్పుడు కోర్టు విడాకులను సహించవచ్చని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2383వ పేరా చెబుతోంది. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్న స్త్రీకి కేవలం ఆ విడాకుల కారణంగా సత్ప్రసాదం నిరాకరించకూడదు. ఎల్.బి.నగర్‌లోని జిల్లా కోర్టు మెట్లెక్కినంత మాత్రాన ఆమె పాపాత్మురాలు కాదు. క్రైస్తవుల విడాకుల చట్టానికి 2001లో జరిగిన సవరణకు ముందు భార్యకు క్రూరత్వం ఒక్కటే విడాకులకు చాలేది కాదు, వ్యభిచారం కూడా నిరూపించాల్సి వచ్చేది. ఇప్పుడు క్రూరత్వం ఒక్కటే చాలు.

"ఇలా చెబితే సంసారాలు కూలిపోతాయి" అంటారు. ఆమె చెప్పుకోకముందే ఆ సంసారం కూలింది. తలుపు మూసి ఉండటం వల్ల మనకు కనబడలేదు, అంతే. పెళ్లినాడు బలిపీఠం ముందు గురువు జంటను అడిగే మొదటి ప్రశ్న, ఎవరి బలవంతమూ లేకుండా వచ్చారా అని. ఆ స్వేచ్ఛ లేకపోతే అసలు వివాహమే లేదని శ్రీసభ అంటుంది. బలవంతం లేకుండా మొదలుపెట్టమన్న కాపురాన్ని బలవంతంతో నడిపించమని ఆ శ్రీసభే ఎలా చెబుతుంది?

విచారణ గురువులకు నా మనవి. పెళ్లికి ముందు జరిగే తరగతుల్లో 1153వ సూత్రాన్నీ, 'హ్యుమానే వీటే' 13వ పేరానూ తెలుగులో చదివి వినిపించండి, మగపిల్లలు కూడా కూర్చున్నప్పుడు. దెబ్బలు తిన్న అక్కచెల్లెళ్లకు నా మనవి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడం విశ్వాసానికి ద్రోహం కాదు. పెద్దలకూ ఒక మాట. ఈసారి కూర్చున్నప్పుడు ముందుగా, "ఆ ఇంట్లో నీకు భయం లేకుండా ఉందా అమ్మా?" అని ఆమెను అడగండి. భయంగా ఉందని ఆమె అంటే మాత్రం ఆటో పిలవకండి.