మంత్రసాని పేరు ఎవరికి తెలుసు?

'మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని ఎంత తేలిగ్గా అనేస్తాం మనం! ఆ సామెత వెనక ఒక మనిషి ఉంటుందని, అర్ధరాత్రి దీపం పట్టుకుని ఎవరింటికో పరుగెడుతుందని ఎప్పుడైనా తట్టిందా? ఆమధ్య అరకులోయ వెళ్లేదాకా నాకూ తట్టలేదు.

మా ఆడపడుచు భర్తకి అక్కడ ఉద్యోగం. ఒకరోజు తనతో సంతకి వెళ్లాను. పసుపు కొమ్ములు అమ్ముతున్న ఒక ముసలామెను చూపించి, "కొండమీద గూడెంలో ఈవిడే మంత్రసాని, వదినా" అంది. "ఇప్పటికీ పురుళ్లు పోస్తున్నావా, పెద్దమ్మా?" అనడిగాను. ఆమె అటూ ఇటూ చూసి, "లేదమ్మా, ఆసుపత్రికే పంపిస్తన్నాం" అంది గబగబా. కాసేపాగి తనే నవ్వి, "వాగు పొంగిందని నొప్పులు ఆగవు కదమ్మా!" అంది.

నన్ను వెంటాడింది ఆ మొదటి జవాబులోని భయమే. చేసిన సాయాన్ని దొంగసొమ్ములా దాచుకోవలసిన గతి ఆమెకెందుకు?

ఒకప్పుడు ప్రభుత్వమే మంత్రసానులకు శిక్షణ ఇచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలని, కొత్త బ్లేడుతోనే బొడ్డు కోయాలని నేర్పింది. పసికందులను ధనుర్వాతం నుంచి కాపాడడంలో టీకాలతోపాటు ఆ శుభ్రతకూ వాటా ఉంది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. కాన్పంటే ఆసుపత్రిలోనే అన్నది విధానమైంది. మంత్రసాని పక్కకు జరిగింది.

ఆ విధానం తప్పని నేననను. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. దాన్ని ఆపే మందుగానీ, ఎక్కించే రక్తంగానీ మంత్రసాని దగ్గర ఉండవు. నా పిల్లలిద్దరూ ఆసుపత్రిలోనే పుట్టారు. మరి కొండమీది చెల్లెలికి మాత్రం ఇల్లు చాలులే అనడం ఏం న్యాయం? కానీ రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చారనీ, దారిలోనే కాన్పయిందనీ అల్లూరి జిల్లా వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అలాంటి దారిలో బిడ్డను అందుకునే చేతులు ఎవరివి?

ఇక చట్టం సంగతి చూడండి. తెలంగాణలో 2017లో నర్సులకు ప్రసవ సేవల్లో ప్రత్యేక శిక్షణ మొదలైంది. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. సంతోషమే. అయితే ఇవన్నీ చదువూ పట్టా ఉన్నవాళ్ల కోసం. సంతలో పసుపు అమ్ముకునే మా పెద్దమ్మకు అందులో చోటు లేదు.

అసలు విడ్డూరం ఇంకోటుంది. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం పదో సెక్షన్ ప్రకారం, కాన్పు దగ్గరున్న మంత్రసాని ఆ పుట్టుకను రిజిస్ట్రారుకు తెలియజేయాలి. బాధ్యత మోపడానికి మాత్రం చట్టానికి ఆమె గుర్తొచ్చిందన్నమాట! ఇంట్లో పుట్టిన బిడ్డ సంగతి ఇంటి పెద్ద చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. అంటే ఇంట్లో కాన్పులు జరుగుతాయని చట్టమే ఒప్పుకుంటోంది. దాచుకోవలసిన పని ఎవరికీ లేదు.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, ఓటరుగా నమోదు కావాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. మరి తల్లి భయపడి, మంత్రసానీ భయపడి నోరు విప్పకపోతే నష్టపోయేదెవరు? ఏ పాపమూ ఎరుగని ఆ పసిగుడ్డు కాదూ!

మంత్రసానిని డాక్టరును చేయమని ఎవరూ అడగడం లేదు. ఆమె పేరు పంచాయతీలో రాసి, ఒక గుర్తింపు కార్డు ఇవ్వండి. ఏ లక్షణం కనిపిస్తే క్షణం ఆగకుండా కిందికి దించాలో నేర్పండి. చూలాలికి తోడుగా ఆసుపత్రికి వచ్చిన రోజు ఆమె కూలి పోకుండా చూడండి. వరండాలో నిలబెట్టకుండా పురిటి గదిలోకి రానివ్వండి. నొప్పులు పడుతున్న పిల్లకి తన భాషలో ధైర్యం చెప్పే మనిషి పక్కనుంటే అదే సగం బలం. బిడ్డ పుట్టిందని ఆమె చెబితే ఆ మాట రాసుకోండి, గదమాయించకండి. అలాగే ఆ గూడేల ఆడపిల్లలనే ఎంచి నర్సింగు, మిడ్‌వైఫరీ చదివిస్తే, రేపు పట్టా ఉన్న మనిషీ నమ్మకమున్న మనిషీ ఒక్కరే అవుతారు. ఈలోగా రోడ్డు వేయడం మాత్రం మరవకండి.

అరకు నుంచి వచ్చాక మా అమ్మనడిగాను. ముప్పై ఎనిమిదేళ్ల కిందట నేను పుట్టింది అమ్మమ్మగారింట్లో, మంత్రసాని చేతులమీదే. "ఆవిడ పేరేంటమ్మా?" అన్నాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అందరం మంత్రసానీ అనే పిలిచేవాళ్లమే. పేరెవరికి తెలుసు?" అంది.

నన్ను మొదట ఎత్తుకున్న చేతుల పేరు నాకు తెలియదు. కొండమీద ఈ ఏడు పుట్టే పిల్లలకైనా ఆ పేరు ఒక కాగితం మీద ఉండాలి.