"సార్ ట్రాక్టర్ ప్రాబ్లం, చెప్పండి" అంటే ఏం చెప్పాలి?



ఇంకో పది పదిహేను రోజుల్లో కాలవలకి నీళ్ళు వదులుతారు. దమ్ములు మొదలవుతాయి. దమ్ములతో పాటే మన ట్రాక్టర్ ఓనర్ల వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీల వాన కూడా మొదలవుద్ది. ఈలోపు కాస్త ఖాళీ దొరికింది కాబట్టి ఒక విషయం రాద్దామని కూర్చున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను ఇలాంటి గ్రూపులు నాలుగింటిలో ఉన్నాను. ఒకటి మా మండలంది, మిగతా వాటిల్లో రెండు రాష్ట్రాల వాళ్ళూ ఉన్నారు. రోజూ కనపడే ప్రశ్న ఒకటే. "సార్ ట్రాక్టర్ ప్రాబ్లం, ఎవరైనా చెప్పండి." అంతే. ఏ బండో లేదు, ఏం జరిగిందో లేదు. ఐదు నిమిషాలాగి మళ్ళీ ఇంకోటి, "ఎవరూ మాట్లాడరేంటి, ఈ గ్రూపు ఎందుకు పెట్టినట్టు?" ఆస్పత్రికి పోయి ఒంట్లో బాలేదు మందియ్యి అంటే డాక్టరు కనీసం నాడి పట్టుకు చూస్తాడు. ఫోనులోంచి ట్రాక్టర్ నాడి ఎవడు పట్టుకుంటాడండీ?

పోయిన సార్వాలో మా ఊరి కుర్రాడొకడు "బండి హీటెక్కుతోంది, ఏం చెయ్యాలి" అని పెట్టాడు. గంటలో ముప్పై జవాబులు వచ్చాయి. హెడ్ గ్యాస్కెట్ పోయిందని కొందరు, వాటర్ పంపు అని కొందరు, థర్మోస్టాట్ పీకి పారెయ్యమని ఒకాయన. ఎక్కువ మంది గ్యాస్కెట్ అన్నారని ఇతను మేస్త్రీని పిలిచి హెడ్డు విప్పించాడు. మూడు రోజులు బండి చెట్టు కింద పడుంది. నారు ముదురుతోంది, దమ్ముకి మాట్లాడుకున్న వాళ్ళు వేరే బండి చూసుకున్నారు. తీరా చూస్తే రేడియేటర్ రెక్కల మధ్య ఊక, దుమ్ము అట్టకట్టి ఉంది. దాళ్వా నూర్పిళ్ళలో తిరిగిన బండి అది. పైపు పెట్టి నిదానంగా కడిగితే పోయే రోగం. ఆ ముప్పై మందిలో ఒక్కడంటే ఒక్కడు "పని మీద ఉన్నప్పుడే హీటెక్కుతోందా, ఖాళీగా ఆన్‌లో పెట్టినా ఎక్కుతోందా? నీళ్ళు తగ్గుతున్నాయా? ఫ్యాన్ బెల్టు వదులయిందా? రేడియేటర్ ఎప్పుడు కడిగావు?" అని తిరిగి అడగలేదు. అడిగినోడు వివరం చెప్పలేదు, నిజమే. కానీ నా లెక్కలో ముప్పావు తప్పు చెప్పినోళ్ళదే.

ముందు అడిగేవాళ్ళ సంగతి. మహీంద్రా అంటే చాలదు, స్వరాజ్ అంటే చాలదు. 575 లోనే పాతవి వేరు, కొత్తవి వేరు. 744 అంటే ఎఫ్.ఈ. ఉంది, ఎక్స్.టి. ఉంది. ఏ సంవత్సరం బండి, మీటరులో ఎన్ని గంటలు తిరిగింది, ఇంజనాయిల్ ఎప్పుడు మార్చారు, ఇవి ఒక్క లైనులో రాయొచ్చు. ఆ తర్వాత అసలు రోగం. "పొగ వస్తోంది" అంటే ఏ రంగు పొగ? నల్లదైతే గాలి చాలట్లేదనో డీజిల్ ఎక్కువ పోతోందనో అనుకోవాలి, ముందు ఎయిర్ క్లీనర్ చూడమంటాం. నీలంగా వస్తే ఇంజనాయిల్ కాలుతోంది, అది ఖర్చుతో కూడిన పని. తెల్లపొగ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే పెద్ద భయం లేదు, బండి వేడెక్కినా ఆగకుండా వస్తుంటేనే ఆలోచించాలి. ఒక్క రంగు మాటతో మూడు దారులు వేరవుతున్నాయి చూడండి. అలాగే "లిఫ్ట్ లేవట్లేదు" అంటారు. అసలే లేవట్లేదా, లేచి మెల్లగా దిగిపోతోందా, పొద్దున బాగానే లేచి రెండు గంటలు పని చేశాక మొండికేస్తోందా? మూడూ మూడు రకాలు. ఖాళీగా లేస్తుందా, రోటావేటర్ తగిలిస్తేనే లేవదా అన్నది కూడా చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, చాలామంది దాచేది. రోగం మొదలవ్వక ముందు బండికి ఏం చేశారు? ఫిల్టర్ మార్చారా, కొత్త చోట డీజిల్ పోయించారా, వాటర్ సర్వీసింగ్ చేయించారా, బావమరిది వచ్చి ఏదన్నా విప్పాడా? సగం జవాబు అక్కడే ఉంటుంది. డీజిల్ ఫిల్టర్ మార్చిన మర్నాడు స్టార్ట్ కాకపోతే లైనులో గాలి పట్టిందేమో ముందు చూడాలి, పంపు పోయిందని భయపడక్కర్లా. కానీ "నిన్న నేనే ఫిల్టర్ మార్చా" అని రాయడానికి నామోషీ. నలుగురూ నవ్వుతారేమోనని. ఇరవై ప్రశ్నలు పోయాక చివర్లో మెల్లగా ఆ మాట బయటకొస్తుంది.

రాయడం రానివాళ్ళు వాయిస్ పెట్టండి, తప్పేం లేదు. వాయిస్ మెసేజిలంటే విసుక్కునే వాళ్ళతో నేను ఏకీభవించను. అరవై ఏళ్ళ పెద్దాయన అంత చిన్న అక్షరాలు ఎక్కడ కొడతాడు? కాకపోతే బండి పేరు, రోగం మొదటే చెప్పేసి తర్వాత మిగతా కథ చెబితే వినేవాళ్ళకి సుఖం. శబ్దం తేడా అయితే వీడియో తీయండి, తీసేటప్పుడు పక్కన మాట్లాడకండి. ఆర్.సి. బుక్కు, ఆధార్ ఫోటోలు మాత్రం పెట్టకండి. రోగం చెప్పడానికి అవి అక్కర్లేదు, గ్రూపులో ఎవరెవరున్నారో మనకి తెలీదు.

ఇప్పుడు చెప్పేవాళ్ళ దగ్గరికొస్తాను. నాకు అసలు బెంగ ఇక్కడే.

సెల్ఫ్ పని చేయట్లేదని ఎవరన్నా అడగ్గానే ఎవరో ఒకరు రాస్తారు, "సెల్ఫ్ మోటార్ దగ్గర స్క్రూ డ్రైవర్ పెట్టి రెండు బోల్టులు కలుపు, స్టార్టయిపోద్ది." నిజమే, స్టార్టవుద్ది. కంపెనీ వాడు క్లచ్ దగ్గరో గేరు దగ్గరో ఒక సేఫ్టీ స్విచ్ పెడతాడు, క్లచ్ తొక్కితేనో న్యూట్రల్‌లో ఉంటేనో సెల్ఫ్ పడేట్టు. స్క్రూ డ్రైవర్ పెట్టినప్పుడు ఆ స్విచ్ లెక్కలో లేకుండా పోతుంది. మనిషి కింద, పెద్ద చక్రం ముందు నిలబడి ఉంటాడు. బండి గేరులో ఉందంటే ఇంజన్ అందుకున్న మరుక్షణం మీదకి వచ్చేస్తుంది, తప్పుకునే టైము ఉండదు. ఈ సలహా రాసినాయన తన బండి మీద వందసార్లు చేసుండొచ్చు. చదివేది పద్దెనిమిదేళ్ళ పిల్లోడు కావొచ్చు, గేరు చూసుకోవాలని వాడికి తెలీకపోవచ్చు. అలాంటి మెసేజి కనపడితే "ఇది చెయ్యొద్దు" అని కింద రాయడానికి మొహమాట పడకండి. రాసింది వరసకి మావయ్య అయినా సరే, "మావయ్యా, ఇది ప్రమాదం" అనండి. బ్యాటరీ టెర్మినళ్ళు శుభ్రం చేసి బిగించావా, క్లచ్ పూర్తిగా తొక్కావా అని అడగడం ముందు పని.

ఇంకోటి. పాత ఇంజన్లలో గాలి పట్టితే మనందరం చేసేది ఒకటే, ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి చేతిపంపు కొట్టడం, అప్పటికీ రాకపోతే నాజిల్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం. ముప్పై ఏళ్ళ నుంచి నేనూ అదే చేస్తున్నా. కానీ 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. దాటిన కొత్త ట్రాక్టర్లకి పొగ విషయంలో ట్రెమ్-4 నిబంధన వచ్చింది, వాటిల్లో చాలావాటికి సి.ఆర్.డి.ఐ. ఇంజన్లు పెడుతున్నారు. ఆ పైపుల్లో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. మన వెనక టైరు గాలితో పోలిస్తే వందల రెట్లు. దాని నట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే సన్నటి ధారగా వచ్చే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనపడుతుంది, లోపల కండ కుళ్ళిపోయి వేలు తీసేసే దాకా వస్తుంది. అలా ఎవరికన్నా జరిగితే పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఇందుకే నేను మోడలు, సంవత్సరం అని అంతలా పట్టుబట్టేది. పాత బండికి సరైన జవాబే కొత్త బండి దగ్గర చెయ్యి పోగొడుతుంది.

కాబట్టి చెప్పేవాళ్ళు "నా బండికి ఇలాగే వచ్చింది, ఇది చేస్తే పోయింది" అనేదానికి, "ఇదై ఉండొచ్చని నా అనుమానం" అనేదానికి తేడా తెలిసేట్టు రాయండి. ఎక్కడో విన్నది సొంత అనుభవంలా రాయొద్దు. ఖర్చు లేని పనులు ముందు చెప్పండి, విప్పే పనులు ఆఖరున. వేడి మీద రేడియేటర్ మూత తీయకు అనే మాట తెలిసిందేగా అని వదిలేయకుండా ప్రతిసారీ రాయండి. తెలియకపోతే ఊరుకోండి. వెయ్యి మంది ఉన్న గ్రూపులో తెలిసినవాడు ఎవడో ఒకడు సాయంత్రానికి ఫోను చూస్తాడు. ఈలోపు మనం పోసిన ఇరవై ఊహల్లో అతని జవాబు కొట్టుకుపోకూడదు.

"ఆ కంపెనీ బండి కొన్నప్పుడే అనుకున్నా" అనే వాళ్ళకి ఒక దణ్ణం. అప్పు చేసి కొన్న బండి బురదలో ఆగిపోయి ఉంటే అప్పుడా ఆ మాట? కంపెనీల మీద పోట్లాట సినిమా హీరోల అభిమానుల గోల కంటే ఎక్కువైంది మన దగ్గర. మనకి వాళ్ళేం జీతాలిస్తున్నారా?

"ఇది పోయినేడే చెప్పాం, పైకి పోయి వెతుక్కో" అనడం కూడా నాకు నచ్చదు. వేల మెసేజీల్లో ఎక్కడ వెతుకుతాడు, గట్టు మీద నిలబడి? దమ్ము ఏటా వస్తుంది, ప్రశ్న కూడా ఏటా వస్తుంది. రెండోసారి చెబితే అరిగిపోతామా? ఇక "పర్సనల్‌గా ఫోన్ చెయ్ చెబుతా" అనే వాళ్ళలో మంచోళ్ళూ ఉన్నారు, స్పేర్ పార్టులు అంటగట్టే వాళ్ళూ ఉన్నారు. మంచోళ్ళయితే ఫోనులో చెప్పింది రెండు ముక్కల్లో గ్రూపులో కూడా పెట్టండి. చూడకుండా ముందే డబ్బులు పంపమనే వాడికి మాత్రం పంపకండి.

అడిగినవాళ్ళు చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. బండి బాగయ్యాక వచ్చి చెప్పండి. ఏం రోగమో, ఎవరు చెప్పింది నిజమైందో, ఎంత అయిందో. ఇది చెప్పేవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా ఉండట్లేదు. బండి స్టార్టవగానే గ్రూపు మర్చిపోతారు. ఆ ఒక్క మెసేజి ఉంటే రేపు అదే రోగం వచ్చినవాడికి ముప్పై ఊహల్లో ఏది నిజమో తెలుస్తుంది.

పంటల గ్రూపుల్లోనూ ఇదే తంతు అనుకోండి. వరి ఆకు కొస ఫోటో పెట్టి "ఏం మందు కొట్టాలి" అంటారు. నాటి ఎన్ని రోజులైందో లేదు, ఏ రకమో లేదు. సుడిదోమ ఆకు మీద ఎందుకుంటుంది, దుబ్బు మొదట్లో నీళ్ళ మీద కదా ఉండేది. దుబ్బు పక్కకి వంచి ఫోటో తీయాలి. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

నిన్న రాత్రి మా మండలం గ్రూపులో సోనాలికా బండి లిఫ్ట్ మెల్లగా దిగిపోతోందని అడిగిన తమ్ముడు ఈ పోస్టు చూస్తుంటే, మోడలు, ఎన్ని గంటలు తిరిగింది, లిఫ్ట్ ఆయిల్ ఆఖరున ఎప్పుడు మార్చావు, ఇంజన్ ఆపేశాక కూడా దిగుతోందా, ఇవి కింద కామెంట్లో పెట్టు. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళు ఉన్నారు, కాలవలొచ్చేలోపు చూద్దాం.