కత్తి ముందా, మందు ముందా?

"కడుపులో గడ్డ ఉన్నదన్నారు. వెంటనే కోసి తీసివేయక, మందులతో ఈ కాలయాపన ఎందుకు?" కొన్నేళ్ళ క్రిందట మా మామూ మంచము ప్రక్కన నిలిచి మా కుటుంబము వైద్యునితో వాదించిన తీరు ఇది. అందరికంటే గట్టిగా వాదించినది నేనే. ఇంటిలో ఎం.ఏ. చదివినవాడను నేనొక్కడినే గదా! అందుచేత ఈ వ్యాసము కొంతవరకు నా తప్పొప్పుకోలు.

జీర్ణకోశ క్యాన్సరుకు కత్తియే మందు అన్న నమ్మకము నిరాధారమైనది కాదు. 1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు వ్యాధి సోకిన జీర్ణకోశ భాగమును తొలగించి, మిగిలిన దానిని ప్రేవుతో కలిపి కుట్టాడు. రోగి అయిన స్త్రీ కోలుకొన్నది. కాని కొద్ది మాసములలోనే వ్యాధి తిరుగబెట్టి మరణించినది. కత్తి తన పని చేసినది. కంటికి కనబడని కణములను మాత్రము చేరలేకపోయినది.

ఆ కణములను వెన్నాడవలసినది కీమోథెరపీ. 2006లో వెలువడిన బ్రిటిషు పరిశోధనలో 503 మంది రోగులు పాల్గొన్నారు. కొందరికి శస్త్రచికిత్స మాత్రమే చేశారు. తక్కినవారికి దానికి ముందు మూడు, తరువాత మూడు విడతలుగా మందులిచ్చారు. అయిదేళ్ళకు జీవించి ఉన్నవారు మొదటి వర్గములో నూటికి 23 మంది, రెండవ వర్గములో 36 మంది. 2019లో వెలువడిన జర్మనీ పరిశోధనలో 'ఫ్లాట్' అను నాలుగు మందుల కలయిక ఇంకను మేలని తేలినది.

మందు ముందెందుకు? గడ్డ కుదించుకొని శస్త్రచికిత్స సులభమగును. అంతకుమించి, కోత పిమ్మట నీరసించిన రోగులలో పలువురు మందుల బాధను ఓర్వలేరు. బలమున్నపుడే ఇచ్చుట వివేకము.

అయితే వ్యాధి దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట లెక్క మారును. జపాను, కొరియా, సింగపూరు వైద్యులు 2016లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి రోగులకు ముందుగా జీర్ణకోశమును తొలగించి పిదప మందులిచ్చినను, మందులు మాత్రమే ఇచ్చినదానికంటె ఆయుర్దాయము పెరుగలేదు. రక్తస్రావము, అడ్డంకి వంటి బాధలు తీర్చుటకు కత్తి అవసరము కావచ్చును గాని, "ఎట్లయినా కోయండి" అన్న పట్టుదల రోగికి మేలు కాదు.

మా మామూకు వ్యాధి దూరము ప్రాకలేదు. మేము వైద్యుని మార్చి ముందే కోయించాము. తరువాత ఆయన రెండు విడతలకు మించి మందులు తీసుకొనలేకపోయారు. ఏడాది తిరుగకుండ కన్నుమూశారు. వరుస మార్చి ఉంటే బ్రతికేవారని నేననను. అది ఎవరూ చెప్పలేరు. కాని ఉన్న అవకాశమును మా తొందర తగ్గించినదన్న బాధ నన్ను వీడలేదు.

విద్యార్థులారా! రేపు మీ ఇళ్ళలో వైద్యుని ఎదుట మాట్లాడవలసినవారు మీరే. కారణము లేక బరువు తగ్గుట, నాలుగు ముద్దలకే కడుపు నిండుట, మలము నల్లబడుట కనబడినచో సోడాలతో నెలలు గడపక ఎండోస్కోపీ చేయించండి. క్యాన్సరని తేలినచో, వాదించుటకు ముందు రెండు ప్రశ్నలు వేయండి: వ్యాధి ఎంతవరకు ప్రాకినది? శస్త్రవైద్యుడు, కీమోథెరపీ వైద్యుడు కలిసి నిర్ణయించారా?

కార్యవర్గము వారికి ఒక విన్నపము. ఏటేటా ఒక క్యాన్సరు వైద్యుని పిలిపించి, మన కళాశాలలో ఉర్దూలోను తెలుగులోను ప్రసంగింపజేయండి. తల్లిదండ్రులను కూడ ఆహ్వానించండి. నేను ఆలస్యముగా నేర్చిన పాఠము వారికి సకాలములో అందవలెను.