జేబు తెరిచి చూడండి

తెలుగు అనువాదకుణ్ణి తికమకపెట్టే ఆంగ్ల పదాలలో "జాకెట్" ఒకటి. నవలలో నాయిక చలికి జాకెట్ తొడుక్కొని వీధిలోకి నడుస్తుంది. దానిని ఉన్నదున్నట్టుగా "జాకెట్టు తొడుక్కొంది" అని రాశామా, పాఠకుని కళ్ళ ఎదుట ఆమె రవిక వేసుకొంటూ కనిపిస్తుంది. మన దగ్గర ఆడవారి జాకెట్టు అంటే రవికే. పైన తొడుక్కొనేది కోటు, అది మగవాడి సొత్తు. అందుచేత ఈ పుటలో నేను చెప్పబోయే వస్తువును కోటు అనే పిలుస్తాను.

ఆ వస్తువు పాతకాలపు సఫారీ కోటు; దానితోపాటు సైనికుల దుస్తుల ఫణితిలో స్త్రీల కోసం కుట్టిన కోటు. వీటిని వెదికి వెదికి సేకరించేవారు ఐరోపాలోను, అమెరికాలోను చాలామంది ఉన్నారు. పాత నాణేల పిచ్చిని మనం ఇట్టే అర్థం చేసుకొంటాం గాని, ఎవరో విడిచిన బట్టను డబ్బు పెట్టి కొనడం మనకు మింగుడు పడదు. ఆ సంకోచం నాకూ ఉండేది. అనువాదాల కోసం దుస్తుల పేర్లు వెదుకుతూ పోగా నా బీరువాలో ఇటువంటి కోట్లు ఏడు చేరాయి. వాటిలో మూడింటికి మాత్రమే జేబులు పనిచేస్తాయి. ఈ లెక్క ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొదట రంగు సంగతి. "ఖాక్" అంటే పారశీకంలో దుమ్ము. ఖాకీ అంటే దుమ్మురంగు. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ అధికారి "గైడ్స్" అనే దళాన్ని కూర్చినప్పుడు, దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్రకోటుకు బదులు ఆ ప్రాంతపు మట్టిలో కలిసిపోయే దుస్తులను తన సిపాయిలకు ఎంచుకొన్నాడు. 1857 పోరాటంలో మరికొన్ని పటాలాలు తమ తెల్ల దుస్తులకు దొరికిన రంగేదో పూసుకొన్నాయి. శతాబ్ది ముగిసేసరికి బ్రిటిష్ సైన్యం విదేశాలలో ఎక్కడ నిలబడినా ఖాకీలోనే నిలబడింది. అంటే మన నేల దుమ్మును మనల్ని పాలించడానికి తొడుక్కొన్నారన్న మాట. "సఫారీ" కూడా మనకు చుట్టమే. అరబ్బీ "సఫర్" స్వాహిలీలోకి వెళ్ళి సఫారీ అయింది. అదే సఫర్ ఉర్దూ ద్వారా హైదరాబాదు నోటికి ప్రయాణంగా అలవాటైంది. ఒకే మాట రెండు దారులలో బయలుదేరి, ఒకచోట వేటగాడి దగ్గరా, మరొకచోట రైలు ప్రయాణికుడి దగ్గరా ఆగింది.

సఫారీ కోటు రూపం అందరూ ఎరిగినదే. ఏటవాలు నేతతో దిట్టంగా ఉండే డ్రిల్లు గుడ్డ, నడుముకు అదే గుడ్డతో పట్టీ, భుజాలమీద గుండీతో బిగించే పట్టీలు, ఛాతీమీద రెండు, కింద రెండు వెరసి నాలుగు జేబులు. కింది జేబులకు పక్కల మడతలుంటాయి. సరుకు పడినకొద్దీ జేబు విచ్చుకొంటుంది. ఇందులో అలంకారంకోసం పెట్టినది ఒక్కటీ లేదు. భుజం పట్టీ సంచీ వారును జారిపోకుండా పట్టుకొంటుంది, జేబు మూత తుపాకి గుళ్ళను రాలిపోకుండా కాస్తుంది.

ఈ కోటు సైనికుని ఒంటినుంచి వేటగాడి ఒంటికీ, అక్కడినుంచి స్త్రీ ఒంటికీ చేరడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలోని కాన్సాస్‌కు చెందిన ఆసా జాన్సన్ 1920లలో భర్త మార్టిన్‌తో కలిసి తూర్పు ఆఫ్రికాలో వన్యమృగాల చలనచిత్రాలు తీస్తూ, ఖాకీ దుస్తులలో తుపాకి పట్టి నిలబడింది. అది ఆమెకు వేషం కాదు, పని దుస్తులు. ఆ దంపతుల పేరిట చనూట్ పట్టణంలో మ్యూజియం కూడా ఉంది. అటువంటి యాత్రికులకు సరంజామా అమర్చడంలో న్యూయార్కులోని అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణం ప్రసిద్ధం. 1892లో పుట్టిన ఆ సంస్థ 1976లో దివాలా తీసింది. ఇప్పుడు అదే పేరుతో అమ్మే బట్టలు చేతులు మారిన పేరుతో వచ్చేవి. సేకరించేవారు వాటి జోలికి పోరు.

స్త్రీల సఫారీ కోటుకు సిసలైన మలుపు 1968లో వచ్చింది. అప్పటి ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో, ఒరాన్ నగరంలో 1936లో పుట్టిన ఈవ్ సాఁ లోరాఁ దానికి కర్త. 1960లో నిర్బంధ సైనిక సేవకు వెళ్ళి, కొద్ది వారాలకే మనసు చెదిరి ఆసుపత్రి పాలైన మనిషి ఆయన. సైన్యం ఒంటికి పడనివాడి చేతి మీదుగానే సైన్యపు కోటు ఆడవారిని చేరడం చిత్రమైన సంగతి. ఫ్రెంచి వోగ్ పత్రిక కోసం ఆయన రూపొందించిన కోటును వెరూష్కా అనే మోడల్ ధరించగా, ఫ్రాంకో రుబార్తెల్లి ఫొటో తీశాడు. గుండీలకు బదులు ముందుభాగాన తాడుతో అల్లిన ముడులు, నడుమున ఉంగరాల వడ్డాణం, భుజాల వెనక అడ్డంగా పట్టుకొన్న తుపాకి. ఆ ఫొటో ఒక తరం కళ్ళలో నిలిచిపోయింది. మరుసటి సంవత్సరం అటువంటి కోట్లను ఆయన తన రీవ్ గోష్ దుకాణాలలో అమ్మకానికి పెట్టాడు. 1966లో పారిస్‌లో ఆ దుకాణం తెరవడమే ఒక తెగింపు. ఒక్కొక్క శరీరానికి కొలతలు తీసి కుట్టే దొరసానుల దర్జీ, కొలతల అంకెలు వేసిన తయారీ దుస్తులను అమ్మడానికి దిగాడు. గులాబి, నారింజ రంగుల చదరాలున్న ఆ దుకాణపు లేబుల్ నేడు సేకరించేవారికి అపురూపం.

ఆ కోటును నేను మంచి అనువాదం అంటాను. మూలంలోని జేబులు జేబులుగానే ఉన్నాయి, కత్తిరింపు మాత్రం కొత్త శరీరానికి తగినట్టు మారింది. కాని దానిని చూసి తర్వాత వెలువడిన వేలాది నకళ్ళు అట్లా కాదు. మూత ఉంటుంది, మూత కింద జేబు ఉండదు. లేదా జేబు ఉంటుంది, దాని నోరు కుట్టేసి ఉంటుంది. భుజం పట్టీ ఎత్తడానికి రాదు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. మగవాడి కోటుకు ఇటువంటి మోసం చేస్తే ఏ దర్జీకైనా రెండోసారి గిరాకీ వచ్చేదా?

మన స్త్రీలకు ఈ బాధ తెలియనిది కాదు. చీరకు జేబు లేదు, రవికకు లేదు. అందువల్ల అమ్మమ్మలు డబ్బును రొంటిన దోపుకొన్నారు, చిల్లరను కొంగున ముడి వేసుకొన్నారు, తమలపాకుల తిత్తిని నడుమున చెక్కుకొన్నారు. "జేబు" అనే మాట కూడా మనకు పరాయి భాషనుంచి వచ్చినదే. వచ్చి చొక్కాలోనే స్థిరపడింది. 1970లు, 80లలో సఫారీ సూటు మన ఊళ్ళలో విరగబడినప్పుడు సంగతి గుర్తుందా? కొత్త అల్లుడికి, గుమాస్తాకు, శాసనసభ్యుడికి అందరికీ అదే. పొట్టి చేతులు, నాలుగు జేబులు, ఛాతీ జేబులో పెన్ను. దుమ్మురంగు కోటు ప్రపంచమంతా తిరిగి పుట్టింటికి వచ్చింది గాని, ఇంట్లో మగవారినే పలకరించి ఊరుకొంది. పెళ్ళికూతురి పెట్టెలో దానికి చోటు దొరకలేదు.

కాబట్టి పాత కోటు చేతికి వస్తే మొదట జేబు తెరిచి చూడండి. వేళ్ళు అడుగు దాకా పోవాలి. తర్వాత గుండీలు. మగవారి కోటుకు గుండీలు కుడివైపున, కాజాలు ఎడమవైపున ఉంటాయి, ఆడవారిదానికి తారుమారు. స్త్రీ కోసమని అమ్మే కోటుకు గుండీలు కుడివైపున ఉంటే, ఎవరో సిపాయి కోటును ఒక స్త్రీ తన కొలతకు బిగించుకొని ఉండవచ్చు. లోపలి కుట్లలో పాత దారం, కొత్త దారం వేరుగా కనిపిస్తాయి. నాకు అటువంటివే ఎక్కువ ఇష్టం. ఎవరి చేయి అది! పక్కల కుట్లు లోపలికి తీసి, చేతులు కురచ చేసి, జేబులను మాత్రం తాకకుండా వదిలింది.

లేబుళ్ళు కాలాన్ని చెబుతాయి. అమెరికాలో 1972 జూలైనుంచి బట్టను ఎట్లా ఉతకాలో తెలిపే పట్టీని విడిపోకుండా కుట్టడం తప్పనిసరి అయింది. ఆ పట్టీ లేని అమెరికన్ కోటు అంతకుముందుది కావడానికి అవకాశం ఉంది. అక్కడి స్త్రీల దుస్తుల కార్మిక సంఘం 1974నుంచి ఎరుపు, తెలుపు, నీలం రంగులలో తన లేబుల్ వేసేది. 1995లో ఆ సంఘం మరొకదానితో కలిసిపోయింది. ఇంగ్లండులోనైతే గుండ్రంగా కోసిన రెండు సీ అక్షరాలు, 41 అంకె ఉన్న ముద్ర యుద్ధకాలపు పొదుపు దుస్తులది, 1941నుంచి 1952 దాకా. అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి మాత్రం గుడ్డే. బిళ్ళ ఊడదీసినచోట ఎండ తగలని మచ్చ ముదురుగా నిలిచి ఉంటుంది. కాలరులోపల సిరాతో రాసిన పేరో, సంఖ్యో ఉంటే దాన్ని ఉతికి పోగొట్టకండి. పాత కోటును కొత్తదానిలా తళతళలాడించాలనే వారికి ఈ అభిరుచి పనికిరాదు.

కాలిఫోర్నియాలో 1978లో మెల్, పట్రీషియా జీగ్లర్ దంపతులు బనానా రిపబ్లిక్ అనే పేరుతో సైన్యాల మిగులు బట్టలను బాగుచేసి, చేతిగీతల బొమ్మలున్న కేటలాగులతో అమ్మారు. 1983లో గ్యాప్ సంస్థ దానిని కొన్నది. ఆ తొలి సంవత్సరాల సరుకు ఇప్పటికీ అందుబాటులో ఉంది; కొత్తగా మొదలుపెట్టేవారికి అదే మేలు.

ఇంత చెప్పిన తర్వాత ఒక ప్రశ్నను దాటవేయలేను. దొరల వేటకోటును భారతీయ స్త్రీ ముచ్చటపడి దాచుకోవడం ఏమిటి? 2018 అక్టోబరులో అమెరికా అధ్యక్షుని భార్య మెలానియా ట్రంప్ కెన్యాలో సఫారీకి వెళ్తూ తెల్లదొరల టోపీ పెట్టుకొన్నందుకు చాలా విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమే. ఆ టోపీకి పాలించిన జ్ఞాపకం తప్ప వేరే జ్ఞాపకం లేదు. ఖాకీకి మరో జ్ఞాపకం ఉంది. 1943లో సింగపూరులో నేతాజీ ఝాన్సీ రాణి దళాన్ని ఏర్పరచినప్పుడు, కెప్టెన్ లక్ష్మి నాయకత్వాన చేరిన స్త్రీలలో మలయా రబ్బరు తోటల కూలి కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. వారు తొడుక్కొన్నదీ ఖాకీయే. ఏ రంగు దుస్తులవారు తమవారిని పాలించారో, ఆ రంగులోనే వారిమీదికి బయలుదేరారు.

సేకరించేవారు చూడని చివర ఒకటి ఉంది: హర్యానాలోని పానిపట్టు. చలిదేశాలు విడిచిన ఉన్ని దుస్తులు టన్నుల లెక్కన అక్కడికి వస్తాయి. తిరిగి కట్టుకోవడానికి అమ్మకుండా వాటిని ముందే కోతలు కోసి దింపుతారు. సైనిక ఫణితి కోట్లూ ఆ కుప్పల్లో ఉంటాయి. అక్కడి శ్రామిక స్త్రీలు నేలమీద కూర్చొని గుండీలు, జిప్పులు, లేబుళ్ళు కోసి వేరుచేస్తారు. మిగిలిన గుడ్డను రంగులవారీగా చీల్చి, పీచు చేసి, మళ్ళీ వడికి కంబళ్ళు నేస్తారు. మేఘనా గుప్తా 2012లో తీసిన "అన్‌రావెల్" అనే చిన్న చిత్రంలో ఆ స్త్రీలు తమలో తాము ఆశ్చర్యపోతారు: ఇంత మంచి బట్టలు ఎందుకు పారేస్తున్నారు, ఆ దేశాల్లో నీళ్ళు ఉతుక్కోలేనంత ఖరీదు కాబోలు! నేను బీరువాలో భద్రపరిచే లేబుల్ అక్కడ చెత్తబుట్టలో మొదట పడే ముక్క.

ఇక మన సంగతి. చీరమీద ఖాకీ కోటు వేసుకొని, చేతిలో టిక్కెట్ల మిషనుతో కిక్కిరిసిన బస్సులో దారి చేసుకొంటూ వెళ్ళే ఆర్టీసీ మహిళా కండక్టరును తెలుగువారు ఏళ్ళ తరబడి చూశారు. సైన్యంనుంచి దిగివచ్చిన ఆ రంగు మన స్త్రీల ఒంటిమీద నిజంగా పనిచేసింది ఆ కోటులోనే. అటువంటిది ఒక్కటైనా ఏ సేకరణలోనూ నాకు కనిపించలేదు. ఎవరింటనైనా ట్రంకుపెట్టె అడుగున ఉంటే, దయచేసి దాన్ని మసిగుడ్డ చేయకండి.