మనీలాలో దిద్దవలసిన పత్రములు

2025 మార్చి 11వ తేదీని ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు రోడ్రిగో డుటెర్టే మనీలా విమానాశ్రయమున నిర్బంధింపబడి, ఆ రాత్రియే హేగ్ నగరమందలి అంతర్జాతీయ నేర న్యాయస్థానమునకు తరలింపబడినప్పుడు, మాదకద్రవ్యములపై ఆయన ప్రకటించిన సమరములో బిడ్డలను గోల్పోయిన తల్లులు కన్నీరు విడిచిరి. ఆయన నారాధించువారు వీథుల కెక్కిరి. దవావ్ పురజనులైతే మే నెలలో, చెరలోనున్న ఆయననే మరల మేయరుగా నెన్నుకొనిరి. అంతటి అధికారము చలాయించిన వ్యక్తి బోనెక్కుట సామాన్యవిషయము కాదు. అయినను, ఆ ఒక్క విమానముతో తన బాధ్యత యంతయు సముద్రములు దాటిపోయినదని మనీలా ప్రభుత్వము తలచినచో అది ఘోరమైన అన్యాయమగునని నా నిశ్చితాభిప్రాయము.

ఆ దేశమునకు చట్టముల కొరత లేదు. 1972లో ఫెర్డినాండ్ మార్కోస్ విధించిన సైనికశాసనము క్రింద చెరసాలలను, చిత్రహింసలను చవిచూచి, 1986 ఫిబ్రవరిలో ఎడ్సా రహదారిపై లక్షలాదిగా నిలిచి ఆ నియంతను దేశమునుండి సాగనంపిన ప్రజలు, మరుసటి యేట ఆమోదించుకొన్న రాజ్యాంగమున ప్రభుత్వపదవి ప్రజలు నమ్మి యప్పగించిన న్యాసమని శాసించి, మానవహక్కుల కమిషన్‌కు అందు స్థానము కల్పించిరి. 2013 నాటి చట్టము ననుసరించి, మార్కోస్ ధనములో స్విట్జర్లాండునుండి రాబట్టిన 1,000 కోట్ల పెసోలను సైనికశాసన బాధితులకు కేటాయించి, 11,103 మందిని రాజ్యమే బాధితులుగా గుర్తించినది. ఇట్టి సంప్రదాయము గల దేశముననే, డుటెర్టే పాలనలో, 2017 సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఆ హక్కుల కమిషన్‌కు సాలుకు 1,000 పెసోలు చాలునని తీర్మానించెను! నిరసన పెల్లుబుకగా ఆ తీర్మానము నిలువలేదు. కాని చేతులెత్తి దాని నామోదించినవారు ప్రజలెన్నుకొన్న ప్రతినిధులే యన్న సంగతి నన్ను నేటికిని కలచివేయుచున్నది.

పోలీసుల లెక్కప్రకారమే మాదకద్రవ్యములపై సాగిన ఆ సమరములో 6,000 మందికి పైగా హతులైరి. హక్కుల సంఘముల అంచనాలు 30,000 వరకు పోయినవి. నిందితుడు తుపాకి తీసి తిరుగబడెననియు, ఆత్మరక్షణార్థము కాల్చవలసివచ్చెననియు పోలీసు నివేదికలు పదేపదే వల్లించినవి. ఎదురుకాల్పుల వార్తలు తరతరములుగా చదువుచున్న తెలుగువారికి ఈ కథనమును విడమరచి చెప్పనక్కరలేదు. 2017 ఆగస్టులో కలూకన్ నగరమున 17 ఏండ్ల విద్యార్థిని చంపినప్పుడును పోలీసులు చెప్పినది అదియే. అయితే ఆ బాలుని ఈడ్చుకొనిపోవుచున్న దృశ్యము వీథిలోని కెమెరాకు చిక్కుటచేత, మరుసటి యేడు నవంబరులో ముగ్గురు పోలీసులను న్యాయస్థానము హంతకులుగా తేల్చినది. కెమెరా లేని సందులలో కూలినవారి మాటయేమి? అట్టి తీర్పులు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే వచ్చినవి.

ఇంతకన్న దారుణమైన సంగతి శ్మశానములలో బయటపడినది. మనీలా ప్రాంతపు నిరుపేదలు తమ వారిని ఒకదానిపై నొకటి పేర్చిన సమాధి అరలలో, సామాన్యముగా ఐదేండ్ల గడువునకు అద్దె చెల్లించి పెట్టుకొందురు. గడువు తీరిన పిదప మరల చెల్లించలేనిచో ఎముకలను తీసివేయుదురు. అట్లు దిక్కులేనివి కానున్న అస్థికలను ఫ్లావీ విలనూయెవా అను క్రైస్తవాచార్యుడు కుటుంబముల యనుమతితో వెలికితీయించి గౌరవముగా దహనము చేయించుచుండగా, దహనమునకు ముందు ఆ యెముకలను న్యాయవైద్య నిపుణురాలు రాక్వెల్ ఫోర్టున్ పరీక్షించినది. న్యుమోనియా వంటి వ్యాధులతో మరణించిరని మరణ ధ్రువపత్రములు చెప్పిన కొందరి యెముకలలో ఆమెకు కనబడినవి తుపాకిగుండ్ల గాయములు! ప్రాణము తీయుట ఒక నేరము. ఆ ప్రాణము పోయిన తీరును సర్కారు ముద్రతో అబద్ధముగా నమోదు చేయుట మరియొక నేరము. ఈ రెండవ నేరమునకు హేగ్ నగరమున విచారణ లేదు.

విచారణ జరుగు మొదటి నేరమునకైనను ఆ న్యాయస్థానపు చేయి కొంతదూరమే సాగును. ఆ న్యాయస్థానమునకు మూలమైన రోమ్ శాసనమునుండి ఫిలిప్పీన్స్ వైదొలగుట 2019 మార్చి 17న అమలులోనికి వచ్చుటచే, ఆ తరువాతి మరణములు దాని పరిధిలోనికి రావు. పూర్వపు వేలాది మరణములలోను అభియోగపత్రమున కెక్కినవి కొన్ని పదులు మాత్రమే. తక్కిన కుటుంబములకు జవాబు చెప్పవలసినది మనీలాయే.

2016లో ఎవరికో గురిపెట్టిన గుండు తగిలి మరణించిన తొమ్మిదేండ్ల బాలుని మరణ ధ్రువపత్రములో ఊపిరితిత్తుల వ్యాధియని వ్రాసిరి. దానిని దిద్దుటకు క్రింది న్యాయస్థానము నిరాకరింపగా, కుటుంబము అప్పీలు న్యాయస్థానము దాక పోయి పోరాడి గెలిచినది. బిడ్డను గోల్పోయిన పేదవారు వకీళ్ల చుట్టు తిరిగి ఇంతటి చిన్న సత్యమును సాధించుకొనవలసి వచ్చుట రాజ్యమునకు తలవంపు. అట్టి ప్రతి పత్రము విషయమున ప్రభుత్వమే అర్జీదారుగా నిలిచి, నిపుణుల పరీక్షాఫలితములను పోలీసు దస్త్రములతో సరిపోల్చి, తప్పుడు కారణమును వ్రాసినవారిని, వ్రాయించినవారిని పేర్లతో సహా న్యాయస్థానము ముందు నిలుపవలెను. సమాధుల గడువు తీరకమునుపే ఈ పని జరుగవలెను.