వాడ ముచ్చట్లు - 17: అన్న గోలీలు, అక్క చెయ్యి



మా పెద్దన్నకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. నెలనెలా మండలం దవాఖానలో గోలీలు తెచ్చుకుంటాడు. ఒక నెల స్టాక్ లేదన్నారు. బయట కొనే పైసల్లేక నాలుగు రోజులు గోలీ వేసుకోలేదు. ఐదో రోజు మళ్లీ పోయి ఆ దవాఖాన లైన్లోనే పడిపోయాడు. తేరుకుంటుంటే అటెండర్ గట్టిగా అదిమి పట్టాడు. సోయి లేని అన్న విదిలించుకున్నాడు. పక్కనున్న నర్సు గోడకు తగిలి పడింది. మణికట్టు విరిగింది.

అన్న కార్డు మీద ఎర్ర ఇంకుతో 'కొట్టేటోడు' అని రాశారు. మళ్లీ రావొద్దన్నారు.

నేను పదిమంది పోరగాళ్లతో, నీలి జెండాతో పోయాను. మాదిగోడు కాబట్టే ఈ ముద్ర అని అరిచాను. అందులో అబద్ధం లేదు. అదే వరండాలో ఊరి పెద్దమనిషి కొడుకు డాక్టర్ కాలర్ పట్టుకుంటే 'ఆవేశంలో ఉన్నాడు' అని సర్ది పంపారు. అతని కార్డు మీద ఏ రాతా లేదు.

నర్సు చేతికి కట్టుతో బయటికొచ్చింది.

"నేనూ మనోళ్ల బిడ్డనే తమ్మీ. అన్న గోలీల కోసం వచ్చినవ్, మంచిదే. నా చెయ్యి గురించి ఎవలు లొల్లి జేస్తరు?"

నా దగ్గర జవాబు లేదు.

దవాఖానల మీద దాడులకు 2008లోనే చట్టం వచ్చింది. 3 ఏళ్ల జైలు, 50 వేల జరిమానా దాకా ఉంది. కానీ అది చెయ్యి విరిగాక వచ్చే చట్టం. విరగకుండా చూసేది స్టాకు, సిబ్బంది, గది ఏర్పాటు. ఇంగ్లండులో దాడి చేసిన రోగిని డాక్టర్ తన లిస్టులోంచి తీసేయొచ్చు. అయినా వైద్యం ఆగదు, రక్షణ ఏర్పాట్లున్న మరో క్లినిక్‌కు అప్పగిస్తారు. మనకు మండలానికి ఉన్నదే ఒక దవాఖాన. అక్కడ గేటు మూస్తే పేదోడు ఎక్కడికి పోవాలి? మానసిక జబ్బున్న వాళ్లకు ప్రాథమిక స్థాయిలోనే వైద్యం అందాలని 2017 చట్టం చెప్తోంది. వాళ్లకూ మొదట మూసుకునేది ఆ గేటే.

ఆ రోజు అక్కతోనే కూర్చుని షరతులు రాశాం. అన్న పొద్దున్నే, రద్దీ లేనప్పుడు వస్తాడు, వదిన వెంట ఉంటుంది. గదిలో సిబ్బంది ఇద్దరుంటారు, వాళ్ల కుర్చీలు తలుపు వైపు. ఫిట్స్ వస్తే అదిమి పట్టొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెల్లగా మాట్లాడాలి. గోలీలు అయిపోకముందే ఆశా అక్క చూసుకుంటుంది.

ఎర్ర రాత కొట్టేయించాం. దాని స్థానంలో అక్క ఎడమ చేత్తో రాసింది: 'ఫిట్స్ తర్వాత కాసేపు సోయి ఉండదు. గట్టిగా పట్టొద్దు.' ఇది చదివిన కొత్త నర్సు కూడా భద్రంగా ఉంటుంది. 'కొట్టేటోడు' అని చదివితే భయపడటం తప్ప ఏం చేయగలదు?

తాగి వచ్చి కావాలని కొట్టేవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల మీద కేసు పెట్టండి. కానీ షుగర్ పడిపోయినవాడు కూడా తాగినోడిలాగే తిరగబడతాడు. ముందు షుగర్ చూడండి.

విద్యార్థి మిత్రులారా, మీ మండలం దవాఖానకు పోయి రెండే అడగండి: ఎవరినైనా రావొద్దన్నారా? రాత్రి డ్యూటీలో నర్సు ఒక్కతే ఉంటోందా? రెండింటికీ ఒకే వినతిపత్రం రాయండి. నేను ఆ రోజు ఒకదానికే జెండా పట్టుకుపోయాను.

స్టాక్ ఎందుకు లేదో వచ్చే భాగంలో మాట్లాడుకుందాం. జై భీమ్.